కాదని చెప్పు, నవఘనా

చిరంజీవి నవఘనకు బాపా దీవెనలు. కాళీజాయి తల్లి దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. కులాసా అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నీ కార్డు మొన్న అందింది. పోయిన గురువారం జైలుకి వచ్చినప్పుడు వాన గురించే మాట్లాడి నీకు సందు ఇవ్వలేదు కదా, అడగాల్సినవన్నీ కార్డులో అడిగావు. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు. నూనె రాయించుకోమంటే, "కొడుకు జైల్లో ఉంటే నాకు మర్దనాలా?" అని సీసా లాక్కుంది. నీ కూతురు ఝిల్లీకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. చద్దన్నంలోకి ఎండుచేప కొరకలేక ఏడుస్తోంది. చిలిక సరస్సులోకి కొత్త నీళ్ళు వచ్చాయి, రొయ్య బాగానే పడుతోంది. నీ వల బాగుచేయించాను, ఎవరికీ ఇవ్వలేదు.

ఆ వకీలమ్మను ఎవరు పంపారని అడిగావు. పేరు ఇతిశ్రీ. డబ్బులేని వాళ్ళకి సర్కారు పెట్టే వకీలు. ఆ పిల్ల ముందే ఒకసారి మన గుమ్మానికి వచ్చిందిరా. నిన్ను పోలీసులు తీసుకుపోయిన నాలుగో రోజే వచ్చింది. "అబద్ధాలాడే వాళ్ళకి కావాలి వకీళ్ళు. మా సభలో అంతా తేలిపోయింది, వెళ్ళిరా తల్లీ" అని గడప దగ్గర నుంచే పంపేశాను. మంచినీళ్ళయినా ఇవ్వలేదు. బెయిలు అడగడం నీ హక్కట. అడిగే నోరు లేకుండా నాలుగు నెలలు చేసింది నేనే.

నాకు తెలిసిందల్లా మన కులసభ ఒక్కటే. మెడలో తుండుగుడ్డ వేసుకుని, పదిమంది ముందు వంగి, "తప్పు నాది" అన్నవాణ్ణి ఆపైన ఎవరూ ఏమీ అనరు. కొబ్బరికాయ కొట్టి పంక్తిలో కూర్చోబెట్టుకుంటారు. అవతలి ఒడ్డు కలంది జెనా పడవ మన రేవులో కాలిపోయినప్పుడు అదే చేశాం. నువ్వు వంగావు. జెనా నిన్ను లేపి కౌగిలించుకున్నాడు. అంతటితో సరి అనుకున్నాను. కానీ అతని కొడుకు అంతకు ముందు రోజే ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చి వచ్చాడు. ఊరు చేసిన రాజీతో ఆ కేసు ఆగదట. పైగా ఆ రోజు నీ మాట విన్న నలభై మందీ ఇప్పుడు నీ మీద సాక్షులు.

పది రోజుల క్రితం ఇతిశ్రీ మళ్ళీ వచ్చింది. కూర్చోమనకుండానే అరుగు మీద కూర్చుని, మౌసా అని బాబాయి వరస కలిపింది.

"మౌసా, మీ అబ్బాయితో వేగలేకపోతున్నాను. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం జడ్జి నేరం చదివి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకుంటానంటున్నాడు."

"మగాడు. ఇచ్చిన మాట తప్పడు."

"ఎవరికిచ్చిన మాట?"

"నాకు."

"జైల్లో ఏళ్ళ తరబడి కూర్చునేది మీరా, అతనా?"

నాకు ఒళ్ళు మండింది. "కోర్టులో నిజం చెప్పొద్దంటావా?" అన్నాను.

"నిజమే చెప్పమంటున్నాను. పడవ కాల్చింది అతనే, కావాలనే కాల్చాడు అని అవతలివాళ్ళు రుజువు చెయ్యాలి. కాల్చలేదని ఇతను రుజువు చేసుకోనక్కర్లేదు. నోరు విప్పకుండా నిలబడ్డా తప్పులేదు, అదీ హక్కే. ఎంత చెప్పినా వినడు. బాపా కాళీజాయి మీద ఒట్టు పెట్టించుకున్నారంటాడు. ఆ ముడి మీరు వేసింది, మీరే విప్పాలి."

విప్పడానికే గురువారం వచ్చాను. ఇనప జాలీ అవతల నీ ముఖం చూడగానే వాన గురించి ఎత్తుకున్నాను. టైమైందని సిపాయి అనగానే బతుకుజీవుడా అని బయటపడ్డాను. అందుకే ఈ ఉత్తరం. రేపు ములాఖత్‌కి వచ్చే మీ మామ చేతికిస్తున్నాను.

మంట పెట్టింది మన కుర్రాళ్ళలో ఎవడో, పేరు బయటికొస్తే ఊరు చీలిపోతుంది, నువ్వు మీద వేసుకో అని నీతో అన్నాను. అబద్ధం నాయనా. ఆ ఎవడో నేనే. మన పడవకి పూయడానికి ఒడ్డున తారు కాస్తున్నాను. సభకి రమ్మని కబురొచ్చింది. పెద్దమనిషిని కదా, నేను లేకపోతే సభ సాగదు! పొయ్యి ఆర్పకుండా లేచిపోయాను. గాలి లేచింది. పక్కనే జెనా పడవ, దానికి తాటాకు కప్పు. నువ్వు పరుగెత్తి నీళ్ళు పోస్తుంటే చూసినవాళ్ళు నువ్వే అంటించావన్నారు. ఆ సాయంత్రం పొయ్యిరాళ్ళు నా చేతులతోనే తీసి నీళ్ళలో పారేశాను.

ఎందుకంటావా? మెడలో గుడ్డ వేసుకుని వంగిన పెద్ద మళ్ళీ పెద్దగా కూర్చోకూడదు, అది మన కట్టుబాటు. కుర్రాడు వంగితే ఏడాదిలో మరిచిపోతారు. సభలో ఆ చాప మీద నా చోటు పోతుందని నిన్ను వంచాను. ఛీ, అదీ ఒక పెద్దరికమేనా!

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ దాచాను. నిన్న ఇతిశ్రీకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ఇంకేమీ చెప్పకండి మౌసా. ఇద్దరి తరఫునా నేను నిలబడకూడదు, మీరు వేరే వకీలుని పెట్టుకోండి. నోరు విప్పకుండా ఉండే హక్కు మీకూ ఉంది" అంది. నవ్వొచ్చింది. ఎవరూ ఇవ్వకుండానే ఆ హక్కు నాలుగు నెలలుగా వాడుకుంటున్నాను. అజాగ్రత్త వేరు, కావాలని కాల్చడం వేరట, నా సంగతి నా వకీలు చూసుకుంటాడు. ఇదంతా ఉత్తరంలో రాయొద్దని కూడా అంది, జైల్లో చదువుతారట. చదవనీ.

పొద్దున మీ అమ్మకి చెప్పాను. "వాడు వంగాక పెట్టిన విందులో నీకు ముద్ద ఎలా దిగింది?" అంది. దిగిందిరా. మారు పెట్టించుకుని మరీ తిన్నాను.

ఒట్టు పెట్టించుకున్నది నేను, తీసేస్తున్నదీ నేనే. పాపం ఉంటే నాకు తగలనీ. ఈ సోమవారం జడ్జి అడిగినప్పుడు "కాదు, నేను కాల్చలేదు" అను. మిగతాది ఇతిశ్రీ చూసుకుంటుంది, ఆమె చెప్పినట్టు విను. నేను వెనక బెంచీ మీద ఉంటాను. నన్ను చూసి జాలిపడి మాట మార్చావో, చచ్చినంత ఒట్టు. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కసారి కూడా కాదనలేదు నువ్వు. ఈ ఒక్కసారి నా ముఖం మీదే కాదను.

ఇట్లు,
నీకు మొక్కవలసిన నీ బాపా,
ధ్రువచరణ్ బెహరా