ఛార్జింగ్ ఎక్కని పికప్పు

రొంపిచెర్ల, సోమవారం

నాగూర్ వలి అన్నయ్యకు,
కృపమ్మ వందనాలు. మెకానిక్ షెడ్డులో ఇంజన్ల మోతకు నీ చెవులు పోయాయి, ఫోన్ చేస్తే హలో తప్ప ఏమీ వినపడదు. అందుకే ఈ ఉత్తరం పాల ఆటో యాసిన్‌తో పంపుతున్నాను.
మా పాత పికప్పు పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ కొత్తదే, అయినా దిగిపోతోంది. మా ఆయన ఆనంద్ బాబు విసిగిపోయి, శనివారం పాత ఇనుము కింద ఇచ్చేస్తానంటున్నాడు. నలభై ఎనిమిదేళ్ళకు నేను స్టీరింగ్ నేర్చుకున్నది దాని మీదే. కాపాడు అన్నయ్యా.
నీ చెల్లెలు,
కృపమ్మ

నరసరావుపేట, మంగళవారం

చెల్లెమ్మా, క్షేమమే కదా?
ఛార్జింగ్ ఎక్కడం లేదన్నమాట. ముందు బెల్టు వదులైందేమో చూడు. బొటనవేలితో నొక్కు. అర అంగుళం కంటే లోపలికి పోతే బిగించు. తర్వాత మీటరు చూడు, పధ్నాలుగు రావాలి.
అన్న,
నాగూర్ వలి

రొంపిచెర్ల, బుధవారం

అన్నయ్యకు వందనాలు.
నువ్వు చెప్పినట్టే చేశాను. మా ఇంట్లో నడుముకు బెల్టు పెట్టుకునేది మా ఆయన ఒక్కడే. ముందు వైపు నొక్కాను. అర అంగుళమా! వేలు మొత్తం మునిగిపోయింది. మూడు బెజ్జాలు లాగి బిగించాను. “ఏమే, చంపుతావా ఏంది?” అని అరిచాడు. బండి మాత్రం కదల్లేదు.
వరండాలో కరెంటు మీటరు కూడా చూశాను. ఐదంకెలున్నాయి గానీ పధ్నాలుగు లేదు.
కృపమ్మ
తా.క.: అన్నం తినేటప్పుడు వదులు చేయవచ్చా? మొత్తం ఎన్ని రోజులు బిగించాలి?

నరసరావుపేట, గురువారం పొద్దున

చెల్లెమ్మా,
ముందు బావను విడిపించు! నేను చెప్పింది ఇంజనుకుండే రబ్బరు బెల్టు, డైనమోను తిప్పేది. ఇంజను ఆపి నొక్కు.
మల్టీమీటరు పంపుతున్నాను. బటను సరైన గుర్తు మీదే ఉంచాను, కదపొద్దు. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు పెట్టు. ఇంజను ఆడుతుంటే పధ్నాలుగు దగ్గర చూపించాలి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతోందా?
నాగూర్ వలి
తా.క.: నీ ఉత్తరం చదివి మా ఇంటావిడ రజియా నవ్వాపుకోలేక టీ ఒలకబోసింది. ఆ టీ నాది.

రొంపిచెర్ల, గురువారం సాయంత్రం

అన్నయ్యా,
మీ బావగారు విడుదలయ్యారు. రబ్బరు బెల్టు బిగువుగానే ఉంది. పక్కింటి పిచ్చమ్మ వదినా నేనూ తోసి బండి స్టార్ట్ చేయించాం. మీటరు పన్నెండు దాటలేదు.
ఎర్ర లైటు వెలగదు. ఎట్లా వెలుగుతుంది? “తాళం తిప్పితే చాలు, చానా కోపంగా చూస్తా ఉంది” అని మా ఆయన నెల కిందట ఆ బల్బు పీకి పారేశాడు.
కృపమ్మ
తా.క.: బ్యాటరీ దిగడం మొదలైంది కూడా నెల కిందటే. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

నరసరావుపేట, శుక్రవారం

కృపమ్మా! సంబంధమా!
మీ పాత బండిలో ఆ బల్బు గుండా పోయే కాస్త కరెంటే డైనమోను నిద్ర లేపుతుంది. బల్బు లేకపోతే అది ఊరికే తిరుగుతుంది, ఛార్జింగ్ చేయదు. కొత్త బల్బు పంపుతున్నాను. తాళం తిప్పితే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి.
నాగూర్ వలి
తా.క.: బల్బు బావ చేతికివ్వకు.

రొంపిచెర్ల, శనివారం

అన్నయ్యకు వెయ్యి వందనాలు!
వెలిగింది, ఆరింది, మీటరు పధ్నాలుగు! పిచ్చమ్మ వదినా నేనూ వీధిలోనే గంతులేశాం.
అంతలో చిలకలూరిపేట నుంచి పాత ఇనుము సుధీర్ బాబు తన వ్యానులో దిగాడు. “ఇది ఇనుము కాదు, బండి” అని మా వాకిట్లోనే ఇంజను మోగించి చూపించాను. పాపం, తిరిగి పోదామంటే ఆయన వ్యాను టిక్‌టిక్ అని ఆగిపోయింది. బానెట్ ఎత్తాను. బ్యాటరీ తీగల కొసలన్నీ తెల్ల పొడి. విప్పి, వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి బిగించాను. ఒక్క తిప్పుకే అందుకుంది!
మా ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. “ఇంత పని వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేందే?” అన్నాడు. నాకూ ఈ వారమే తెలిసిందన్నాను.
నీ చెల్లెలు,
కృపమ్మ
తా.క.: మా ఆయన ఇందాకే ఆ వ్యాను బేరమాడి కొనేశాడు. రిపేరుకు ఇంట్లోనే మనిషి ఉందంట. సుధీర్ బాబు బస్సెక్కి పోయాడు.