ఎర్ర వరసకు నా షరతులు

షోళింగనల్లూరు,
మంగళవారం.

అమ్మకు,

నీ పెద్దబిడ్డ సునయన దండం పెట్టి రాసేది. నాకు జ్వరం, దగ్గు ఏమీ లేవు. వేళకు తింటున్నాను. రాయచోటిలో అవ్వ, చెల్లి బాగున్నారు. అవ్వకు కొత్త కళ్ళజోడు సరిపోయిందట, బియ్యంలో రాళ్ళు మళ్ళీ తనే ఏరుతోందట. నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను అని ఈ చోట రాయాలి. ఈసారి రాయలేకపోతున్నాను. ఎందుకో చివర చెప్తాను.

ఈ ఉత్తరం అమ్మణి అక్క తెస్తుంది. సెలవు అయిపోయి రేపు ఇక్కడి నుంచే కువైట్ విమానం ఎక్కుతోంది. ఫోన్లో మాట్లాడదామంటే మీ మేడం కూతురు నీ పక్కనే ఉంటుంది, మెసేజీ పెడితే మేడం చూస్తుంది. చెత్త పారేయడానికి మీరిద్దరూ వీధి చివర కలుస్తారు కదా, అప్పుడు నీ చేతికే ఇవ్వమన్నాను. చదివాక చింపెయ్.

పోయిన ఉత్తరంలో జుట్టు రాలడం తగ్గిందా అన్నావు, తగ్గింది. ఎం.ఏ. తెలుగు చదివితే ఏం పని దొరుకుతుందని అడిగావు. అది నాకూ తెలియదు. కానీ నిఘంటువు తెరిస్తే మూయబుద్ధి కావడం లేదమ్మా. ఒక మాట కోసం తెరిచి, పది మాటలు చూసి, మొదటిది మరిచిపోయి లేస్తున్నాను. మూడోది, అసలుది. వచ్చే నెలాఖరుకి నీ రెండేళ్ళు అయిపోతాయి, ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమని మేడం అంటోంది, ఇరవై దినార్లు పెంచుతానంటోంది, ఏం చెయ్యమంటావు అన్నావు. ఈ ఉత్తరమంతా దానికి జవాబే. కొంచెం చుట్టు తిరిగి వస్తాను.

నేను చేసేది టైపింగు పని అని నీకు చెప్పాను. టైపింగు నిజమే. ఏం టైపు చేస్తానో చెప్పలేదు. మనుషులు మనుషులను కొట్టడం, పొడవడం ఫోన్లో తీసి జనం మీదికి వదులుతారు. అలాంటి వాటిని కంప్యూటరు తనంతట తాను గుర్తుపట్టి ఆపాలంటే, ముందు ఎవరో ఒకరు చూసి, ఏం జరిగిందో రాసిపెట్టాలి. తెలుగువాళ్ళు తీసినవి నేను రాస్తాను. జీతం లేదు, ఉద్యోగం కాదు. నాలుగు నెలల ఒప్పందం, వీడియోకి తొమ్మిది రూపాయలు.

ఒకడు భార్యను బెల్టుతో బాదుతుంటాడు, తీసేవాడు నవ్వుతుంటాడు. నలుగురు కలిసి ఒకణ్ణి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంటారు, వాడి వీపు తోలు కంకర మీద ఒలిచినట్టు ఊడిపోతుంటుంది. మేము దేనితో కొట్టారు, ఎక్కడ తగిలింది, ఎన్నిసార్లు, కావాలనా పొరపాటునా అని గళ్ళు నింపాలి. మిగతావాళ్ళు టిక్కులు పెట్టి పంపేవాళ్ళు. నాకు మనసొప్పేది కాదు. గుద్దు వేరు, మొట్టికాయ వేరు, డొక్కలో తన్ను వేరు. కమిలినదానికి ఒక మాట ఉంది, చీరినదానికి ఒకటి, కాలినదానికి ఇంకొకటి. ఎవరూ అడక్కపోయినా ఒక్కోదానికి నాలుగేసి వరసలు రాసేదాన్ని. చెప్పడానికి సిగ్గుగా ఉంది, తెర మీద మనిషి నెత్తురు కక్కుతుంటే ఇక్కడ నేను సరైన మాట దొరికిందని సంతోషపడ్డాను.

గదిలో నాతో ఉండే విజి కూడా అదే పని చేస్తుంది. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, ఇంట్లో తెలుగైనా నోట్లో తమిళమే ముందు వస్తుంది. ఆ అమ్మాయే ఒకరోజు, "నీ రాతలు చూపించే కొత్తవాళ్ళకి పని నేర్పిస్తా ఉండారే. నువ్వు తొమ్మిది రూపాయలకి మూలన కూర్చోనుండావు," అంది.

ఆ విజినే నేను కొట్టానమ్మా. సాయంత్రం గదిలో పని చేసుకుంటున్నాను, చెవుల్లో వీడియో అరుపులు. వెనక నుంచి వచ్చి టీ తాగుదామని భుజం తట్టింది. నా చేతిలో స్టీలు గ్లాసు ఉంది. తిరిగి చూడకుండానే దానితో విసురుగా కొట్టాను. కనుబొమ చిట్లి, ఒక్క క్షణం తెల్లగా కనబడి, తర్వాత నెత్తురు కన్ను నిండింది. ఆమె నేల మీద కూలబడింది. నా చెయ్యి రెండోసారి పైకి లేచింది. లేచిన చేతిని నేనే చూసి ఆపాను. మూడు కుట్లు పడ్డాయి. బాత్రూములో జారిపడ్డానని డాక్టరుకు చెప్పింది. ఎందుకలా చెప్పావంటే, "మరి ఏం చెప్పమంటావు," అని అటు తిరిగి పడుకుంది.

ఆ మరుసటి వారమే ఒప్పందం పొడిగిస్తామని ఆనంద్‌రాజ్ పిలిచాడు. మాకు పని పంచేది ఆయనే. మూడు తరాల కిందట ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళట. రేటు ముందు ఆయన్నే చెప్పనివ్వమని, చెప్పాక వెంటనే నోరు తెరవొద్దని, కుట్ల మీది ప్లాస్టరు సర్దుకుంటూ విజి నేర్పి పంపింది.

"రామ్మా. ఈడ ఒకటి, ఆడ ఒకటి సంతకం పెట్టేస్తే అయిపాయె," అన్నాడు. ఆరు నెలలు, పదకొండు రూపాయలు. నేను మాట్లాడలేదు. పదమూడు అన్నాడు. అప్పటికీ మాట్లాడలేదు. ఇంకా కావాలంటే ఎర్ర వరస తీసుకో, వీడియోకి ఇరవై ఎనిమిది అన్నాడు. ఎర్ర వరసంటే కత్తులు, మంటలు, ప్రాణం పోయేదాకా తీసినవి. ఆరు నెలల్లోపు మానేస్తే చివరి నెల డబ్బు ఇవ్వరు.

ఆ చివరి మాట నేను ఇంతకు ముందే చదివాను. నీ ఒప్పందం జిరాక్సు నా పెట్టెలో ఉంది కదా. మధ్యలో వస్తే చేసిన పనికి జీతం రాదని అందులోనూ ఉంది. నువ్వు చదవకుండా వేలిముద్ర వేసినట్టు సంతకం పెట్టేశావు. నేను మొత్తం చదివి, నా షరతులు ఒక కాగితం మీద రాసిచ్చాను. ఎర్ర వరస చేస్తాను, కానీ ఆరు నెలలు కాదు, రెండే నెలలు. రోజుకు నలభై, అంతకు మించి ఒక్కటి కూడా చూడను. శబ్దం ఆపేసి చూస్తాను. పదిహేను రోజుల ముందు చెప్పి ఎప్పుడైనా మానుకోవచ్చు, చేసినంతకు డబ్బు రావాలి. సగం ముందే ఇవ్వాలి.

ఆయన నవ్వాడు. "అడ్వాన్సు అడిగేదానికి ఇదేమన్నా కల్యాణ మండపమామ్మా? నీ మాదిరి పదిమంది బయట నిలబడుకోనుండారు."

వాళ్ళకే ఇవ్వండి, కొత్తవాళ్ళకు చూపించే నా రాతలు మాత్రం తీసెయ్యండి, ఒప్పందంలో అవి ఇస్తానని ఎక్కడా లేదు అన్నాను. ఆయన బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. నీళ్ళ సీసా దొర్లి కిందపడింది. నేను ఉలిక్కిపడలేదు. లోపల ఎవరో రాసుకుంటున్నట్టుంది: అరచెయ్యి, బల్ల, ఒకసారి. ఆ నెమ్మది చూసి నాకే భయం వేసింది. ఆయనకు కూడా వేసిందేమో, లేచి ఫోను పట్టుకుని బయటికి పోయి, చాలాసేపటికి వచ్చాడు. ఇరవై ఆరు, మిగతావన్నీ సరే అన్నాడు. చివరి నెల డబ్బు మాటను నా పెన్నుతో కొట్టేసి, పక్కన నేను సంతకం పెట్టి, ఆయన చేత కూడా పెట్టించాను. ఆదివారాలు పోగా సగం లెక్కకు, నిన్న ఇరవై ఏడు వేలు బ్యాంకులో పడ్డాయి. అవి నీ టికెట్టుకు.

ఇప్పుడు, ఇన్ని రోజులు దాచిన మాట.

ఇరవై మూడు రోజుల కింద వీడియో కాల్‌లో పై అరలోంచి గిన్నె దించుతుంటే నీ చేతి బట్ట పైకి జరిగింది. వెంటనే లాక్కున్నావు. ఇస్త్రీ చేస్తుంటే తగిలిందిలే అన్నావు. మందు రాసుకో అన్నాను. తర్వాత చెల్లి నర్సింగు ఫీజు గురించి మాట్లాడుకున్నాం.

అమ్మా, కాలిన మచ్చలు నేను వందల కొద్దీ చూశాను. పొరపాటున తగిలితే చెయ్యి తనంతట తానే వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు మచ్చ ఒక పక్క చెదిరి, సాగిపోయి ఉంటుంది. నీ మచ్చకు ఇస్త్రీపెట్టె మొన కూడా చెక్కినట్టు ఉంది. మోచేతికి పైన, లోపలి వైపు ఉంది. ఇస్త్రీ చేసే చెయ్యి అక్కడికి పోదు. ఎవరో నీ చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుంటే, ఇంకెవరో ఆనించి, ఆనించి ఉంచితే తప్ప అలా పడదు. దాని కింద ఇంకొకటి ఉంది, పాతది. అదీ చూశాను.

చూసిన క్షణమే నాకు అర్థమైంది. అర్థమై కూడా ఇరవై మూడు రోజులు అడగలేదు. డబ్బు చేతికి రానీ, అప్పుడు అడుగుదామని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ ఫోను పెట్టేశాక నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. నువ్వు వచ్చేస్తే చెల్లి ఫీజు ఎలా, ఇంకో రెండేళ్ళు ఉంటే ఎంత మిగులుతుంది అని. నీ కాలిన చెయ్యి కళ్ళ ముందు ఉండగానే కూడికలు చేశాను. మేడం ఏం చేసిందో నాకు తెలుసు. నేను చేసింది ఇది. దీనికి నా నిఘంటువులో మాట వెతకలేదు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు. సంతకం పెట్టొద్దు. ఇరవై దినార్లు కాదు, నలభై పెంచినా వద్దు. వచ్చే నెలాఖరున ఒప్పందం దానంతట అదే అయిపోతుంది, నువ్వు ఎవరికీ బాకీ లేవు. మేడం పాస్‌పోర్టు ఇవ్వనంటే గొడవ పడకు, చేతికి చిక్కే దూరంలో నిలబడకు. చెత్త సంచి తీసుకుని మామూలుగా బయటికి రా. అమ్మణి అక్క నిన్ను నేరుగా మన ఎంబసీకి తీసుకుపోతుంది, ఆమెతో అన్నీ మాట్లాడాను. చెల్లితో కూడా నిజం చెప్పాను. ఒక ఏడాది ఆగి చేరుతానంది. నన్ను తిట్టింది కూడా, ఆ తిట్లు నేను రాయను.

ఎర్ర వరస రెండు నెలలే. నాకు ఏమీ కాదని అబద్ధం చెప్పను. గది తలుపు తెరిచే ముందు విజి ఇప్పుడు నా పేరు పెట్టి పిలుస్తోంది. అలా పిలిచినంత కాలం నేను బాగుంటాననుకుంటున్నాను.

విమానాశ్రయంలో బయటి కమ్మీల దగ్గర నిలబడతాను. అమ్మా, వచ్చేటప్పుడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవద్దు.

ఇట్లు,
నీ చెయ్యి చూసి కూడా ఊరుకున్న
నీ పెద్దబిడ్డ
సునయన