వాడిపోయిన తమలపాకులు

నాన్నగారూ,

ఇవాళ మీ సంవత్సరీకం. భోజనాలు కాగానే అమలాపురం పశువుల ఆసుపత్రికి వచ్చేశాను. కొమ్ముకి కేన్సరొస్తే నిన్న ఆపరేషన్ చేసిన ఆవు కదలకుండా నిలబడి ఉంది. దానికి మత్తిచ్చింది నేనే.

"నొప్పేం లేదండీ, అరవట్లేదు కదా," అన్నాడు దాన్ని తోలుకొచ్చిన రైతు.

"నెమరేస్తోందా?"

"ఆయ్, అది మాత్రం లేదండీ."

నొప్పి తగ్గే ఇంజక్షన్ ఇంకోటి చేశాను. కాసేపటికి నెమరేయడం మొదలెట్టింది.

పశువులు నొప్పి దాచుకుంటాయి. అవి అరవలేదని నేనెప్పుడూ ఊరుకోను. మేతా నెమరూ చూస్తాను. ఇన్నేళ్లుగా నా ఉద్యోగం అదే.

ఆఖరి నెలంతా మీ తమలపాకులు పళ్లెంలోనే వాడిపోయేవి. రోజూ నేనే తీసేసి కొత్తవి పెట్టాను. "నొప్పిగా ఉందా?" అని అడిగితే "లేదమ్మా" అనేవారు.

మాటలొచ్చిన మనిషి కదా అని నమ్మేశాను.