స్కోపు స్క్రూలు నువ్వే బిగించుకో

పాపా, నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. రాగానే ముందు రైఫిలు చూడు. నిన్న నేను బిగించిన, గురి చూసే స్కోపు స్క్రూలు ఇవాళ పొద్దున వేలితోనే తిరిగాయి. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

నాలుగూ విప్పి, నూనె జిడ్డు లేకుండా థిన్నరుతో తుడువు. ఒక్కోదానికి, వదులవకుండా పట్టే నీలం గమ్ము ఒక్క చుక్క చాలు. ఎర్రది వద్దు, మళ్ళీ ఊడిరాదు. ఒకదాని తర్వాత ఒకటి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు. సరిపడా బిగిసి టార్క్ రెంచి టక్కుమనగానే ఆపెయ్యి. రేపు పొద్దున దాకా ముట్టుకోకు.

ఆ చిరుత ఇప్పటికే ఇద్దర్ని చంపింది. రేపు దాని మీదకి అటవీశాఖ నిన్నే పంపుతోంది. నీ తూటా జానెడు పక్కకి పోతే అది గాయంతో నీ మీదకే దూకుతుంది. ముప్పై ఏళ్ళు తుపాకులు బాగుచేసిన నాన్న బిగించాడు కదా అని, నువ్వు చూసుకోకుండానే తీసుకెళ్ళేదానివి.

నెల రోజులుగా నా కుడిచేయి వణుకుతోంది. నువ్వడిగితే చలి అన్నాను. "ఈ ఎండలో చలేంటి నాన్నా?" అని నవ్వేసి వెళ్ళిపోయావు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణేమో.

నాన్న

మర్చిపోయాను. రేపు అడవిలోకి వెళ్ళేముందు టార్గెట్ మీద మూడు తూటాలు కాల్చి చూడు. మూడూ ఒకేచోట పడకపోతే ఇంటికొచ్చెయ్యి తల్లీ. మీ ఆఫీసరుకి నా చేతి సంగతి నేనే చెప్తాను.