ఏటికి తగిన టైర్లు

12-10-2025, ఆదివారం. మబ్బు. గాలి లేదు.

కొట్టం కడిగాను. జీపు కింద దూరి గేర్ ఆయిల్ మార్చాను. లేచి టైర్లు చూశాను. నాలుగూ తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించుకుని దిగి వచ్చిన తలల్లా నున్నగా ఉన్నాయి.

పక్కింటి ఎలుమలై వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. వాడి కిడ్నీలు పోయి రెండేళ్ళు. మంగళవారం, శుక్రవారం తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో డయాలసిస్. మా పల్లెకూ పళ్ళిపట్టు రోడ్డుకూ మధ్య ఏరు. కాజ్‌వే పోయిన వరదకు తెగింది. ఇసుకలో దిగి, అవతల ఎక్కి, పళ్ళిపట్టు రోడ్డు పట్టుకోవాలి. వాన పడితే చుట్టుదారి చెరువు నీళ్ళలో మునుగుతుంది. ట్రాక్టర్ దాటుతుంది గానీ ఆ కుదుపుకు వాడు తట్టుకోలేడు. మిగిలింది నా పాత ఫోర్‌వీల్ జీపు.

అన్నా, నీ టైర్లకీ నా కిడ్నీలకీ ఒకే జాతకం, రెండూ అరిగిపోయినాయి, నీవైతే అంగట్లో దొరకతాయి అని నవ్వాడు.

ఐప్పసి నెల వానలు దగ్గరకొచ్చాయి. టైర్లు మార్చాలి.

14-10, మంగళవారం. తెల్లవారి తుంపర.

డీజిల్ పోయించాను. ఎలుమలైని ఆసుపత్రిలో దింపితే ఎప్పుడూ బయట చెట్టు కింద ఉంటాను. ఇవాళ వాడి భార్య సెల్వి మాత్రల కోసం క్యూలో నిలబడి, అన్నా, కొంచేపు మా ఆయన దగ్గర ఉండు, లేకపోతే పక్క మంచమాయనతో వాదం పెట్టుకుంటాడు అంది. లోపలికి వెళ్ళాను.

ఎలుమలై ట్యూబును ముట్టుకోమన్నాడు. వెచ్చగా ఉంది. వాడి రక్తం. ఒంట్లోంచి బయటికి వచ్చి, మెషీన్ అంతా తిరిగి, మళ్ళీ అదే చేతిలోకి పోతోంది. వాడేమో పక్కాయనతో మసాలా వడలో సోంపు వేయాలా వద్దా అని కొట్లాడుతున్నాడు. నేను వేలు తీయలేకపోయాను. మనిషి లోపలి ఏరు బయట పారుతుంటే చూడటం ఇదే మొదటిసారి.

ఒక వారం తప్పితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని నర్సు చెప్పింది. మీ ఊళ్ళో ఏరొస్తే ఎట్లా తీసుకొస్తారు అని అడిగింది. తల ఊపాను. బయటికొచ్చి జీపు టైర్లు మళ్ళీ చూశాను.

15-10, బుధవారం. ఎండ, ఉక్క.

తిరుత్తణిలో మురళి టైర్ల అంగడికి వెళ్ళాను. నా భార్య అలిమేలు తమ్ముడు వరదయ్య తోడొచ్చాడు. వాడికి ట్రాక్టర్ ఉంది. కాబట్టి అన్నీ తెలుసు.

మురళి మూడు రకాలు దొర్లించి పెట్టాడు. రోడ్డు టైరు నున్నన. బురద టైరుకు దిమ్మెలు పారల్లా ఉన్నాయి. నడుమది ఆల్ టెర్రైన్, ఏ నేలకైనా పనికొచ్చేది. బురద టైరు ఇసకలో తవ్వుకుంటా లోపలికి పోతాది, తార్రోడ్డు మీద అరస్తాది, పేషెంటుకు చెవులు కూడా పోతాయి, అప్పుడు దానికీ నన్నే అంటావు అన్నాడు.

ఆల్ టెర్రైన్ మీద అరచెయ్యి పెట్టాను. దిమ్మె దిమ్మెకూ వెంట్రుకంత గాట్లు. నీరు పక్కకు పోవడానికి కాలవలు. పక్కన చిన్న అంకెలు, అది తయారైన వారం, సంవత్సరం. ఇన్నేళ్ళు టైర్ల మీద తిరిగాను, వాటికి పుట్టినరోజు ఉందని తెలియదు. ఎవరో ఎక్కడో కూర్చుని ఇసుక గురించి, నీళ్ళ గురించి, రాళ్ళ గురించి ఇంత ఆలోచించి రబ్బరు మీద రాసి పెట్టారు.

నాలుగు తీసుకుందామనుకున్నాను. వరదయ్య ఒప్పుకోలేదు. ట్రాక్టర్ని చూడలేదా బావా, ముందరివి చిన్నవి, సుమ్మా ఊరికే దారి చూపించేదానికి, ఈడ్చేదంతా యెనకవే, రెండు పెద్దవి యెనక్కి వేసెయ్, మన నేలకి అదే కరెక్టు అన్నాడు. అంగడిలో ఉన్న రైతులందరూ అదే మాట. మురళి నాలుగు వేస్తే మంచిదని ఒకసారి అన్నాడు. వాళ్ళ నవ్వులకు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ముందు పాతవే ఉంచి, పెద్ద సైజువి రెండు వెనక వేయించి, కొండ కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి వచ్చాను.

17-10, శుక్రవారం. వాన.

ఇసుకలో బాగానే దాటింది. తార్రోడ్డు ఎక్కాక ఫోర్‌వీల్ లివర్ వెనక్కి రాలేదు. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మలుపులో బండి ఎవరో లోపల కట్టేసినట్టు ఎగిరి ఎగిరి పడింది. కింద ఏదో మూలిగింది. ఆపేశాను. వరదయ్యకు ఫోన్ చేస్తే కొత్త టైర్లు గదా, బిగువుగా ఉంటాయి, తోలు బావా అన్నాడు.

సెల్వి ఫోన్లో టైము చూసుకుంది. ఎలుమలై మాత్రం, అన్నా, నీ జీపుకీ డయాలసిస్ కావల్ల అన్నాడు. అంటూ రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

ఏం తోచక కొంచెం రివర్స్ చేశాను. లోపల టక్కుమంది. లివర్ దానంతటది వదిలింది.

ఆసుపత్రికి చేరేసరికి వాడి మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కాచుకుంటే సగం సేపే దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు వాడి పాదం మీద సెల్వి వేలితో నొక్కింది. గుంట పడి, అట్లాగే ఉండిపోయింది.

18-10, శనివారం. తెరిపి.

పశువులను కట్టేసి, వాకిట్లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ సుద్దతో గీత పెట్టాను. జీపును మెల్లగా నెట్టించాను. ముందు గీత మళ్ళీ నేలకు వచ్చింది. వెనకది ఇంకా రాలేదు. ఇంకోసారి. తేడా రెట్టింపు.

అక్కడే కూర్చుండిపోయాను. ఎంత చిన్న సంగతి. ట్రాక్టర్‌కి ముందు చక్రాలు చిన్నవైతే లోపలి గేర్లు దానికి తగినట్టు కట్టి ఉంటారు. జీపులో ఫోర్‌వీల్ వేస్తే ముందుకూ వెనక్కూ ఒకే లెక్క. ఒకటి తక్కువ నడిచి, ఒకటి ఎక్కువ నడిస్తే ఆ తేడా పోయే చోటు లేదు. ఇసుకలో జారి పోతుంది. తార్రోడ్డు మీద ఇనుములో దాక్కుంటుంది. మెలిపడుతూనే ఉంటుంది. వెనక్కి నడిపితే విడిపోయింది అందుకే.

నాలుగు చక్రాలు ఒకే అడుగు వేయాలి. అంతే. ఎవరూ చెప్పకుండా తెలిసినందుకు ఒళ్ళు జలదరించింది. ఆలస్యంగా తెలిసినందుకు కూడా.

19-10, ఆదివారం. మబ్బు.

మురళి దగ్గరికి ఒక్కడినే వెళ్ళాను. కంపెనీ మొదట వేసిన సైజులోనే, సన్నవి, నాలుగు ఆల్ టెర్రైన్ అడిగాను. మొన్న కొన్న రెండూ వెనక్కి తీసుకొమ్మన్నాను. నిమ్మకాయ తొక్కిన టైరు ఇంకొకడికి అమ్మితే మీ పూజ ఫలం ఎవడికి పోతాదన్నా అని తల గోక్కున్నాడు. చివరికి తన బండికే వేసుకుంటానన్నాడు.

20-10. దీపావళి. ఎలుమలై ఇంట్లో టపాసులు లేవు, పొగకు ఊపిరాడదు. మేమూ కాల్చలేదు.

21-10, మంగళవారం. రాత్రంతా వాన, పొద్దున తెరిపి.

టైర్లలో గాలి కొంత తీసేసి ఇసుకలో దింపాను. అవి కింద పరుచుకున్నాయి, ఒంటె పాదంలా. మునగలేదు. అవతల గట్టెక్కి వెనక్కి చూస్తే ముందు చక్రాల జాడలోనే వెనకవి అడుగు పెట్టాయి. రెండే గీతలు, అల్లినట్టు. ఎలుమలై కూడా చూశాడు. మునికృష్ణన్నా, మగ్గం మీద నేసినట్టుందే అన్నాడు. సమయానికి చేరాము. వాడికి డయాలసిస్ పూర్తిగా జరిగింది.

23-10, గురువారం. కుండపోత.

పైన ఆంధ్రాలో డ్యామ్ తెరిచారట. ఏరు వచ్చింది. గట్టున నిలబడి విన్నాను. చూడటం కన్నా వినడమే ఎక్కువ. అడుగున ఇసుక నడుస్తున్న చప్పుడు.

24-10, శుక్రవారం. వాన ఆగింది.

తెల్లారేసరికి నీరు దిగింది గానీ పోలేదు. ఎలుమలై రాత్రంతా గోడకు ఆనుకునే ఉన్నాడట, పడుకుంటే ఊపిరాడక. పడవ కోసం తాలూకా ఆఫీసుకు ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాటుతుందన్నారు. వాడు జోకు వేయలేదు. అప్పుడు భయం వేసింది.

ఏటి దగ్గర జీపు ఆపాను. గాలి తీశాను. నీళ్ళు గోధుమరంగు, అడుగు కనబడదు. మంగళవారం దాటిన దారి ఉందో కొట్టుకుపోయిందో తెలియదు. టైరు ఎంత మంచిదైనా గుంటను చూడలేదు కదా.

సెల్వి జీపు దిగింది. చీర దోపుకుంది. వద్దన్నాను. నీ టైర్లకి కండ్లు యాడుండాయన్నా, నా యెనకనే రా, నేను నిలిస్తే నువ్వూ నిలుచుకో అంది. కట్టెతో పొడుస్తూ దిగింది. మోకాలి దాకా, ఆ పైకి. పాదంతో తడిమి ఒక అడుగు. నిలబడి, ఎడమకు జరిగి ఇంకొక అడుగు. ఒక చోట నడుం దాకా దిగింది. వెనక్కి వచ్చింది. వేరే దారి పట్టింది.

ఎలుమలై జీపు కమ్మీ పట్టుకుని, ఒసేయ్, మెల్లిగా, మెల్లిగా అంటున్నాడు. ఆ మాటకే వాడికి ఊపిరి చాలడం లేదు.

ఫోర్‌వీల్, మొదటి గేరు. ఆమె నడిచిన చోట జాడ ఏమీ ఉండదు, నీరు మూసేస్తుంది. ఆమె వీపు చూస్తూ తోలాను. చక్రాల కింద ఇసుక కదలడం స్టీరింగ్‌లోంచి నా అరచేతుల్లోకి వచ్చింది. ఒక్కసారి జారి, పట్టుకున్నాయి. నాలుగూ కలిసి పట్టుకున్నాయి. నేను తోలుతున్నట్టు లేదు. ఆమె పాదాలకూ ఆ రబ్బరుకూ మధ్య ఏదో మాట నడుస్తోంది, నేను విన్నాను, అంతే.

గట్టెక్కాక ఆమె తడి చీరతోనే వెనక ఎక్కింది. పోనియ్యన్నా, మంచం ఇచ్చేస్తారు అంది.

24-10, మధ్యాహ్నం. ఆసుపత్రి వరండా.

మెషీన్ తిరుగుతోంది. లోపల ఎలుమలై, సోంపు వేస్తే అది వడ కాదని ఎవరితోనో అంటున్నాడు. సెల్వి గోడకు ఆనుకుని నిద్రపోతోంది. పాదాల మీద ఇసుక ఆరి తెల్లబడింది. దాటి పోయేవాళ్ళకు ఆ పాదాలు మామూలు పాదాలు. ఆ పాదాల వైపు నా కాళ్ళు చాపకుండా ముడుచుకుని కూర్చున్నాను.

ఇవాళ్టి పని రాయలేదు. పొద్దున ఆవులకు గడ్డి వేసి, పాలు పితికి, ఆ తరువాత సెల్వి వెనకనే ఏరు దాటాను.