షెరిన్‌కి ఇంకా నయం కాలేదు

17-7-06, సోమవారం

ఏవండీ,

నా డ్యూటీ మార్చారు, హాస్పిటల్ నుంచి రాత్రి ఎనిమిదికిగాని రాను. షెరిన్‌ని నాలుగింటికల్లా మీరే కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. పోయిన వారం చర్చి కమిటీ మీటింగ్ అని మానిపించేశారు. ట్రస్టు వాళ్లు ఉచితంగా చూస్తున్నారు, వరుసగా రెండుసార్లు వెళ్లకపోతే పేరు కొట్టేస్తారు. మళ్లీ మూడు నెలలు ఆగాలి.

ఆటో వద్దు, రిక్షా ఎక్కండి. కుక్కర్ పెట్టకండి, అన్నం వార్చి పెట్టాను. పక్క ఫ్లాట్‌లో సిలిండర్ పేలి ఆరు నెలలైనా, ఏ చప్పుడు విన్నా పాప బెదిరిపోతోంది. అక్కడ కౌన్సెలింగ్ చేసే దీదీ ఏమడిగినా దాన్నే చెప్పనివ్వండి. ఎంతసేపైనా సరే, మధ్యలో మీరు అందుకోకండి.

నిన్న ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, ప్రభువు మా పాపని పూర్తిగా బాగుచేశాడని ఎలా అనేశారండీ? అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ చప్పుడుకే అది నా కొంగులో తల దూర్చేసింది. మీరు కళ్లు మూసుకుని ఉన్నారు, చూడలేదు.

పాలు కాచి మూతపెట్టాను.

రెబ్కా

ఇంకోటి. పొద్దున జడ వేస్తుంటే అడిగింది: "మమ్మీ, నేను ఠీక్ అయిపోయానని డాడీ చెప్పేశారు కదా. ఇంకా భయమేస్తే జీసస్ గుస్సా అవుతారా, కోప్పడతారా?" జవాబు మీరే చెప్పండి. కళ్లు తెరిచి, దాని మొహం చూసి చెప్పండి.