వ్యాపారం ఉన్నవారు అనర్హులు

భుయ్యాడీహ్,
జనవరి 6

నవాంకుర్ వ్యాపార శిక్షణ కేంద్రం డైరెక్టరు శ్రీపతి బాబుగారికి, భుయ్యాడీహ్ చౌకులో ఇడ్లీ బండి నడిపే వరహాలమ్మ నమస్కరించి రాస్తున్న సంగతులు.

మీ ఆఫీసుకు ఫోను చేస్తే ఒకమ్మాయి "లిఖ్ కర్ దీజియే" అని, రాసి ఇవ్వమని చెప్పి ఫోను పెట్టేసింది. బోర్డు మీద మీ పేరు చూసి, తెలుగువారే కదా అని తెలుగులోనే రాస్తున్నాను.

చౌకులో ఇరవై రెండేళ్ళుగా బండి పెడుతున్నాను. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారట, బళ్ళన్నీ తీసేస్తారట. పక్కన కట్టిన షెడ్డులో కొట్లు ఇస్తారు గానీ, వ్యాపారం చెయ్యడం వచ్చని మీ సర్టిఫికెట్ చూపించాలట. మార్చి నెలాఖరులోగా చూపించకపోతే నాకు రాసిపెట్టిన పద్నాలుగో నంబరు కొట్టు ఇంకొకరికి పోతుంది. మా ఆయన పోలరాజుకు కాంట్రాక్టు పని పోయి నాలుగేళ్ళయింది. మా ఇల్లు నడిచేది ఆ బండి మీదే. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఒకటి పోస్టులో పంపించండి.

ఇట్లు,
వరహాలమ్మ

తా.క. నా వ్యాపారం మీద అనుమానం ఉంటే పొద్దున్న ఐదింటికి వచ్చి చూడండి. ఎర్ర హెల్మెట్టు పెట్టుకుని, నది అవతల మాంగో పేట నుంచి ఒకబ్బాయి రోజూ వచ్చి అరవై ఇడ్లీలు పట్టుకెళ్తాడు. ఎంత పెద్ద కుటుంబమో పాపం!

*

ఆదిత్యపూర్,
జనవరి 11

శ్రీమతి వరహాలమ్మ గారికి,

మీ దరఖాస్తు అందినది. సర్టిఫికెట్ పోస్టులో పంపే వస్తువు కాదు. రెండు నెలల కోర్సు చదివి, పరీక్ష రాయాలి. కోర్సు పేరు 'కొత్తగా వ్యాపారం మొదలుపెట్టడం ఎలా?'. మూడో నియమం ప్రకారం, ఇప్పటికే వ్యాపారం ఉన్నవారు అనర్హులు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉందని రాసి మీ దరఖాస్తును మీరే పాడుచేసుకున్నారు. వ్యాపారం నేర్చుకోవాలన్న పట్టుదల నిజంగా ఉంటే ముందు వ్యాపారం మానేయండి. మానేసినట్టు రుజువు జతచేయండి.

మా పూర్వ విద్యార్థి సౌరభ్‌ను చూసి నేర్చుకోండి. ఏ అనుభవమూ లేకుండా వచ్చాడు. నేడు మా కేంద్రంలోనే క్యాంటీను నడుపుతున్నాడు. అతని ఫొటో మెట్ల దగ్గర పెట్టాము.

భవదీయుడు,
శ్రీపతి, డైరెక్టరు

తా.క. ఇడ్లీల్లో కూడా మీరు నేర్చుకోవలసింది చాలా ఉంది. సౌరభ్ ఇడ్లీ అడుగున సన్నటి గళ్ళు ఉంటాయి. అది అతని బ్రాండు గుర్తు. ఆ అచ్చు కోసం ఎనిమిది నెలలు పరిశోధన చేశాడు.

*

భుయ్యాడీహ్,
జనవరి 17

దయగల శ్రీపతి బాబుగారికి వరహాలమ్మ నమస్కారాలు.

మీ మాట ప్రకారం బండి మూసేశాను. పొద్దుటి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు నా మీద విరుచుకుపడ్డారు. "ఏటి పిన్నీ, మేం ఏటి తిని డూటీకెల్లాల?" అని వాళ్ళలో ఒకడు, అప్పలరాజు అడిగాడు. వ్యాపారం నేర్చుకోవడానికి వెళ్తున్నానంటే "నువ్వు నేర్సుకోడమేటి!" అని పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పొద్దున్నే ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో కూర్చున్నాను.

మానేసిన రుజువు కోసం ఆఫీసులన్నీ తిరిగాను. తెరిచినట్టు కాగితమే లేనిదాన్ని మూసినట్టు కాగితం ఎలా ఇస్తామన్నారు. పోలరాజుకు ఒళ్ళు మండి "సెక్రం ఊడదీసి ఒట్టుకెల్లి ఆళ్ళకిచ్చీ" అన్నాడు. ఆ మాటే బాగుందనిపించింది. బండి చక్రం ఒకటి అప్పలరాజు చేత ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రసీదు ఇవ్వండి.

ఇట్లు,
ప్రస్తుతం ఏ వ్యాపారమూ లేని
వరహాలమ్మ

తా.క. మా ఇడ్లీలకూ గళ్ళు ఉంటాయి బాబూ. ప్లేట్ల మీద పోలరాజు పాత పంచె ముక్క ఉతికి, తడిపి పరుస్తాను. ఆ నేత పడుతుంది. పరిశోధన ఏమీ చెయ్యలేదు, పంచె చిరిగింది అంతే.

ఇంకోటి. బండి మూస్తున్నానంటే ఆ ఎర్ర హెల్మెట్టు అబ్బాయి "ఆంటీజీ, మేరా క్యా హోగా?" అని, తన గతేమిటని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అంతమందీ పస్తులుంటారేమోనని బెంగగా ఉంది.

*

ఆదిత్యపూర్,
ఫిబ్రవరి 14

శ్రీమతి వరహాలమ్మ గారికి,

మీ చక్రం ఫైలులో పట్టలేదు. బీరువా పక్కన ఆనించి ఉంచాము. దాన్నే రుజువుగా తీసుకుని మిమ్మల్ని కోర్సులో చేర్చుకున్నా, మీ చదువు మాత్రం సంతృప్తికరంగా లేదు. మార్కెట్ సర్వేకు వందమందిని కలవమంటే, మీరు వందమంది పేర్లూ, ఎవరు ఏ షిఫ్టో, ఎవరికి కారం పడదో, ఎవరి భార్య పుట్టింటికి వెళ్ళిందో ఇంట్లో కూర్చునే రాసేశారు. ముందే తెలిసినది సర్వే కాదు. సున్నా మార్కులు.

'బాగా నడిచే వ్యాపారం ఎందుకు మూతపడుతుంది?' అన్న ప్రశ్నకు 'మీ మూడో నియమం వల్ల' అని రాశారు. ఇటువంటి జవాబులు మళ్ళీ రాయవద్దు.

భవదీయుడు,
శ్రీపతి

తా.క. నెల రోజులుగా సౌరభ్ ఇడ్లీలు గట్టిపడ్డాయి. గళ్ళు పోయాయి. నువ్వుల చట్నీలో నువ్వులు లేవు. ముడిసరుకు సంక్షోభం అంటున్నాడు. సోమవారం 'సంక్షోభాన్ని ఎదుర్కోవడం ఎలా?' అని అతనే మీకు పాఠం చెబుతాడు. తప్పక రండి.

*

భుయ్యాడీహ్,
ఫిబ్రవరి 18

శ్రీపతి బాబుగారికి నమస్కారాలు.

నోటితో చెప్పినది ఆఫీసులో నమోదు కాదన్నారు కాబట్టి రాస్తున్నాను. పాఠానికి వచ్చాను. సౌరభ్ చాలా బాగా మొదలుపెట్టాడు. మూడో బెంచీలో నన్ను చూసి ఆగిపోయాడు. బల్ల మీద ఎర్ర హెల్మెట్టు ఉంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. నా ఇడ్లీ మీ మెట్ల దగ్గర ఫొటోలో ఉంది, నేను బెంచీ మీద ఉన్నాను.

ఇట్లు,
వరహాలమ్మ

తా.క. ఆ అబ్బాయిది పెద్ద కుటుంబమన్న నా మాట తప్పు కాదు బాబూ. అందులో మీరూ ఉన్నారు. రోజుకు నాలుగు తింటారట.

*

ఆదిత్యపూర్,
మార్చి 12
వ్యక్తిగతం

వరహాలమ్మ గారికి శ్రీపతి నమస్కరించి,

ఇరవయ్యో తేదీన మాకు తనిఖీ ఉంది. మా దగ్గర చదివి వ్యాపారం మొదలుపెట్టినవారిని చూపించమంటున్నారు. మాకున్నది ఒక్క ఫొటో. సౌరభ్ నాకు అంతా చెప్పేశాడు. నాకు సిగ్గుగా ఉంది.

నియమాలు మళ్ళీ చదివాను. ప్రస్తుతం మీకు వ్యాపారం లేదు. రేపు బండి పెడితే, మా కోర్సులో చేరాక కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన మొదటి విద్యార్థిని మీరే అవుతారు. మీ సర్వేకు నూటికి నూరు వేశాను. సర్టిఫికెట్ జతచేశాను. చక్రం నేనే మోసుకొస్తాను.

మీ
శ్రీపతి

తా.క. సర్టిఫికెట్ పోస్టులో పంపకూడదన్న నియమం ఎక్కడా లేదు. వెతికాను.

*

కొట్టు నంబరు 14,
భుయ్యాడీహ్,
ఏప్రిల్ 2

శ్రీపతి బాబుగారికి వరహాలమ్మ నమస్కారాలు.

కొట్టు వచ్చింది. సర్టిఫికెట్ గోడకు తగిలించాం. నిజం చెప్పాలంటే, దాన్ని చూసినప్పుడు సంతోషం కన్నా కోపమే ముందొచ్చింది. ఇరవై రెండేళ్ళు చేస్తే రాని కాగితం రెండు నెలలు మానేస్తే వచ్చింది. తనిఖీవాళ్ళు ఎనిమిదేసి తిని, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగారు. మీ మొహం చూసి జాలేసి, మీ దగ్గరే అన్నాను. ఆ అబద్ధానికి మీరు నాకు బాకీ. ఆ మూడో నియమం కొట్టేయండి, సరిపోతుంది. మా వరుసలో సర్టిఫికెట్ లేక మూలపడ్డ బళ్ళు ఇంకా ఆరున్నాయి.

చక్రం బాగానే బిగిసింది. మీ చొక్కాకు అంటిన గ్రీజు పోయిందా?

ఇట్లు,
వరహాలమ్మ

తా.క. నిన్న సౌరభ్ హెల్మెట్టు చేత్తో పట్టుకుని వచ్చాడు. పని నేర్పమన్నాడు. ఇప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళను మా కొట్లో చేర్చుకోం అని చెప్పాను. "ఆంటీజీ, మేరా థా హీ కబ్?" అన్నాడు. నాకెప్పుడుందని! అర్హుడే. చేర్చుకున్నాను. రేపు ఐదింటికి మొదటి పాఠం: పంచె ఉతకడం.